గర్భాశయముఖ చికిత్సయు, సంతానాపేక్షయు
(జగిత్యాల వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ వృద్ధోపాధ్యాయుడు విద్యార్థివేతనములను గూర్చియో, సంఘభవనమును గూర్చియో నాలుగు మాటలు చెప్పునని మీరు తలచియుందురు. మేము వైద్యులము కాము. బాలురచే శబ్దములను, ధాతువులను వల్లెవేయించుచు కాలము గడపినవారము. అయినను నేడు మేమెన్నుకొనిన విషయము స్త్రీల గర్భాశయముఖమునకు సంబంధించినది. సభలో నిట్టి మాట తగునా యని కొందరికి తోపవచ్చును, మాకును తోచెను. కాని పంచాయతీలో తీర్పు చెప్పుటకు అడ్డురాని సిగ్గు, సభలో నిజము చెప్పుటకు మాత్ర మేల అడ్డురావలెను?

కొన్ని సంవత్సరముల క్రిందట కోరుట్ల ప్రాంతమున నొక యింటి తగవు పెద్దల యెదుటికి వచ్చెను. ఆ పెద్దలలో మేమును గూర్చుంటిమి. పెండ్లియై నాలుగేండ్లు, సంతానము లేదు. తెల్లబట్ట బాధకై కోడలు వైద్యురాలికడకు పోగా, గర్భాశయముఖమున వికారము చెందిన కణములున్నవని తేలెను. వైద్యురాలు విద్యుత్తు తీగతో ఆ భాగమును కొంచెము తీసివేసెను. “గర్భసంచి కోయించుకొని వచ్చినది, ఇక పిల్లలెక్కడివి?” అని అత్తవారి వాదము. ఆ బిడ్డ యొక కాగితము చేతబట్టుకొని నిలిచియుండెను. ముప్పదియేండ్లు చదువు చెప్పిన మేము ఆ కాగితము నిమ్మని యడుగలేదు. విడిపోవుటయే మేలని నలుగురితోబాటు తలయూపితిమి. నెల గడచినపిమ్మట ఆమె తండ్రి ఆ కాగితమును మా యింటికి దెచ్చెను. దానిని దీసికొనిపోయి వైద్యుల నడిగి తెలిసికొనినదే ఈ ఉపన్యాసము.

గర్భాశయము సంచి వంటిది. దాని వాకిలియే గర్భాశయముఖము. హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మజీవి యచ్చట చేరి కణములను మార్చును. ఆ క్యాన్సరునకు ఇదియే మూలమని చూపిన జర్మను పండితుడు హరాల్డ్ సుర్ హౌసెన్ గారికి 2008లో నోబెల్ బహుమాన మొసగబడెను. సంసారము చేయు స్త్రీపురుషులలో పెక్కుమందికి ఇది యెప్పుడో యొకప్పు డంటును. చాలమందిలో రెండేండ్లలోపల తనంత తానే తొలగును. ఎప్పు డంటెనో, ఎవరివలన నంటెనో తేల్చి చెప్పుట యసాధ్యము. కావున దీనిని శీలపరీక్షగా నెంచుట అన్యాయము. కొందరిలో మాత్ర మది నిలిచిపోవును. తీవ్రమైన మార్పును చికిత్సలేక విడిచినచో ముప్పదియేండ్లలో నూటికి ముప్పదిమందికి క్యాన్సరు కలుగునని న్యూజిలాండు అనుభవము తెలిపినది. మన దేశమున 2022లో సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సరు క్రొత్తగా సోకెను. సుమారు 80,000 మంది మరణించిరి. ఆ గతి పట్టకుండుటకే ఆ చిన్న చికిత్స. సిరిసిల్ల మగ్గముల నెరిగిన మనకు వేరే చెప్పనేల? అంచున చెడిన పోగులను కత్తిరించినంతమాత్రమున బట్ట పోదు.

పొరపాటునకు కారణము లేకపోలేదు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 7.7 మంది గర్భసంచి తీయించుకొనినవారు. ఇంటింట ఆ మాటయే వినుటచే ఏ కోతయైనను అదేయని జనులు తలచుచున్నారు. ఆ కోత వేరు, ఈ కోత వేరు.

ఇక సంతానము మాట. ఇట్టి చికిత్స గర్భము దాల్చుటకు అడ్డుపడునట్లు ఆధారము కానరాలేదని 2015లో ప్రకటితమైన సమీక్ష తెలిపెను. అరుదుగా వాకిలి ముడుచుకొనిపోవుట కలదు. దానికిని వైద్యము కలదు. మరి ఆ యింట ఆలస్యమేల? మేము లెక్క వేసితిమి. అబ్బాయి దుబాయిలో కూలి. పెండ్లినాటి సెలవుతో గూడ నాలుగేండ్లలో దంపతులు కలసియున్నది అయిదు నెలలు. నెలకు గర్భము నిలువదగిన దినములు ఆరు. ఆరోగ్యవంతులలోనే ఒక నెలలో గర్భము నిలుచునది నూటికి ఇరువదియో, ఇరువదియైదో జంటలకు మాత్రమే. ఏడాది కలసియుండియు ఫలింపనిచోనే వైద్యులు సంతానలోప మందురు. అయిదు నెలలకే మేము తీర్పు చెప్పితిమి! అబ్బాయికి పరీక్ష చేయించితిరా యని యొక్కరు నడుగలేదు.

వంధ్యశబ్దము విశేషణము, మూడు లింగములందును చెల్లును. లోకము దానిని స్త్రీలింగమునకే కట్టివైచినది. ఇది వ్యాకరణదోషము కాదు, మన దోషము.

అయినను ఒక జాగ్రత్తను దాచరాదు. 2016లో ప్రకటితమైన మరియొక సమీక్షలో, చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 11 మందికి, పొందనివారిలో 5 మందికి నెలలు నిండకముందే కాన్పు జరిగినట్లు తేలెను. కోత లోతైనకొలది భయ మధికము. కావున గాయము మానువరకు, సాధారణముగా మూడు మొదలు ఆరు నెలలు, ఆగవలెను. మరల పరీక్ష చేయించుకొనవలెను. గర్భము నిలిచినతోడనే చికిత్స సంగతిని వైద్యురాలికి చెప్పవలెను. నాలుగవ నెల మొదలు స్కానింగుతో వాకిలి పొడవు కొలిచి, అవసరమైన మందో, కుట్టో వేయుదురు. ఆ కుట్టు విధానములలో నొకటి 1955లో బొంబాయి వైద్యుడు షిరోడ్కర్ గారు లోకమునకు చూపినదే. అత్తవారి భయముచే చికిత్సను దాచిన కోడలికి ఈ రక్షణ లేకపోవును. దాచునట్లు చేసినవారము మనమే.

కావున మహాసభకు మా ప్రార్థనలు మూడు. సంతానము లేదను తగవును, దంపతుల యిరువురి వైద్యపత్రములను తెలిసినవారిచే చదివింపక, పెద్దలెవ్వరును చేపట్టరాదు. ముప్పది యేండ్లు దాటిన మన స్త్రీలు గర్భాశయముఖ పరీక్ష చేయించుకొనునట్లు ప్రతిశాఖయు పూనుకొనవలెను. 2023 మార్చి 8 నాడు కరీంనగరమున ప్రారంభమైన ఆరోగ్యమహిళ కార్యక్రమమునందు ఈ పరీక్షయు చేర్పబడెను. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు టీకా వేయించుటకై పోషకులు కొంత ధనము కేటాయింపవలెను.

ఆ బిడ్డ నేడు పుట్టినింట బీడీలు చుట్టుచున్నది. అబ్బాయి మరల పెండ్లాడెను. మా తీర్పును వెనుకకు దీసికొనజాలము. ఆ తండ్రికి మా యింటి గడపలో చెప్పలేకపోయిన మాటను మీ యందరి యెదుట చెప్పుచున్నాము: తప్పు మాది. ఇట్టి తప్పు మరియొక యింట జరుగకుండుగాక యని విన్నవించి విరమించుచున్నాము.