పన్నెండేళ్ల లెక్కల పుస్తకం

ఇవాళ లా పట్టా అందుకుంటున్న మిత్రులారా, వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలారా,

నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో ఒకావిడ నా బల్ల మీద ఒక లెక్కల పుస్తకం పెట్టింది. పెళ్లి కాలేదు. బిడ్డ తండ్రేమో తనవాడు కాదంటున్నాడు. పాలడబ్బా మొదలు ఏడో తరగతి ఫీజు దాకా అన్నీ రాసుకుంది. జడ్జిగారు కూడి ఇప్పిస్తారని ఆమె నమ్మకం.

ఇప్పించరమ్మా అన్నాను. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144, పెళ్లి బయట పుట్టిన బిడ్డకూ తండ్రి మనోవర్తి ఇవ్వాలంటుంది. కానీ అప్పట్లో ఆ లెక్క ఆర్డరు నాటి నుంచి, కోర్టు దయతలిస్తే పిటిషన్ నాటి నుంచి. అంతకు వెనక్కి పోదు. పైగా ఆ రోజుల్లో నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వడానికి లేదు. ఆ గీత 2001లో చెరిగింది.

వాయిదాలు సాగినకొద్దీ తండ్రికే లాభం అన్నట్టుండేది. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఆ సందు మూసి, మనోవర్తి పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కకట్టాలంది.

ఇక తండ్రెవరో తేలడానికి ఎంతకాలం పడుతుందో చూడండి. హైదరాబాద్ రాజ్‌భవన్‌లో గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ మీద 2008లో రోహిత్ శేఖర్ ఢిల్లీ హైకోర్టులో దావా వేశారు. మనోవర్తి వయసు ఎప్పుడో దాటింది, అడిగింది తండ్రి పేరు. రక్తం ఇవ్వనని తివారీ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2012 మేలో డెహ్రాడూన్‌లో నమూనా తీస్తే, జులై 27న తండ్రేనని తేలింది. పేరు కోసం నాలుగేళ్లు ఆగొచ్చేమో గానీ, పాల కోసం ఆగలేం కదా. డీఎన్‌ఏ రిపోర్టు వచ్చాక కేసు వేద్దామనే క్లయింటు మాట వినకండి. పిటిషన్ ముందు పడాలి, మధ్యంతర మనోవర్తి అందులోనే అడగండి. ఆర్డరు వచ్చాకా నిద్రపోవద్దు: బకాయి పడ్డ ఏడాదిలోపు వసూలుకు అర్జీ పెట్టకపోతే వసూలు వారంటు పుట్టదు.

ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది: ‘అయితే ఈ పన్నెండేళ్లూ వీడు అన్నం తినలేదంటారా, సార్?’

ఆ సాయంత్రమే పిటిషన్ టైపు చేయించాను. పుస్తకం నా దగ్గరే వదిలేసి వెళ్లింది. ఇప్పటికీ బీరువాలో ఉంది. చివరి పేజీలో మొత్తం రాయాల్సిన గడి ఖాళీ.