పటమును చదువుట



దేశపటమును చూచువారు పెక్కురు, చదువగలవారు కొందరే. అక్షరములు రానివానికి పుస్తకమెట్లో, పరిభాష తెలియనివానికి పటమట్లు. ఆ పరిభాషలో నాలుగు మాటలను నేడు మీకు పరిచయము చేయుచున్నాము.

మొదటిది దిక్కు. సాధారణముగా పటమున పైభాగము ఉత్తరము, కుడివైపు తూర్పు.

రెండవది స్కేలు. భారత సర్వేక్షణ శాఖవారి పటములు కొన్నింటిపై 1 : 50,000 అని యుండును. పటమున ఒక సెంటీమీటరు, నేలపై 500 మీటర్లని దీని అర్థము. రెండూళ్ల నడుమ పటమున 6 సెంటీమీటర్లున్నచో దూరము 3 కిలోమీటర్లు. దారి వంకరలు తిరిగినచో దానివెంట దారపుపోగును పరచి, పిదప ఆ పోగును కొలువవలెను.

మూడవది సంకేతములు. నీలము నీటికి, ఆకుపచ్చ అడవికి, పసుపుపచ్చ సాగుభూమికి గుర్తులు. నీరులేని వాగు నల్లగీతయై యుండును.

నాలుగవది సమోన్నత రేఖ. సముద్రమట్టమునుండి ఒకే ఎత్తున నున్న చోట్లను కలుపు గోధుమరంగు గీత యిది. ఈ పటములలో గీతకును గీతకును సామాన్యముగా 20 మీటర్ల ఎత్తు భేదము. గీతలు ఒత్తుగా నున్నచో నేల నిటారుగా లేచినది. ఎడముగా నున్నచో మెల్లగా వాలినది. నల్లమల కొండలలో ఇవి ఒకదానినొకటి ఒరసికొనుచున్నట్లుండును.

ఈ ప్రసంగమునకై పటములను ముందుంచుకొన్నప్పుడు మేమును నల్లమల గీతలనే మురిసి చూచితిమి. కృష్ణానది సముద్రమున కలియుచోట దివిసీమ పటమున 20 మీటర్ల గీత ఒక్కటియు లేదు. చూడదగిన దేమియు లేదని దానిని ప్రక్కన బెట్టబోయితిమి. అంతలో 1977 నవంబరు 19 జ్ఞప్తికి వచ్చినది. నాటి తుపానులో సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన ఆ సీమపై బడి, వేలాది ప్రాణములను బలిగొన్నది. గీత లేకపోవుటయే అచటి పటము చెప్పు ముఖ్యమైన మాట: ఈ నేలకు ఎత్తు లేదు.

ఇట్టిచోట రెండు మూడు మీటర్ల మెరకయు ప్రాణాధారమే. అంత స్వల్పభేదమును గీతలు చూపజాలవు. కనుక పటమున అక్కడక్కడ చుక్క పెట్టి, ప్రక్కన ఎత్తును మీటర్లలో అంకెవేసి చూపుదురు.

మీ ప్రాంతపు పటము దొరికినపుడు మీ ఊరిని, దానికి దగ్గరి చుక్కను వెదకుడు. మీరు తీరవాసులైనచో ఆ అంకెను మీ ఇంటి పెద్దలకు చదివి వినిపింపుడు. ఖాళీని సైతము చదువనేర్చిన నాడే పటము చదువ వచ్చినట్లు.