తల్లి వృత్తి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో పెరిగిన మనలో చాలామందికి పరీక్ష ఫీజు లేసు అల్లిన చేతుల నుంచే వచ్చింది. మా ఇంట్లోనూ అంతే. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది పట్టుకుపోయేవాడు. ధర అతను చెప్పిందే. అయినా ఇంజనీరింగ్ దరఖాస్తులో ‘తల్లి వృత్తి’ అన్నచోట నేను ‘గృహిణి’ అని రాసి ఊరుకున్నాను.

ఆరేళ్ల కిందట అమ్మ ఇంగ్లండులో మా ఇంటికి వచ్చింది. మా వీధి చివర ఊలు దుకాణంలో ప్రతి గురువారం కొందరు కూర్చుని, నెలలు నిండక పుట్టిన పిల్లలకు టోపీలు అల్లి ఆసుపత్రికి ఇస్తారు. అమ్మను తీసుకెళ్లాను. సన్న దారానికి అలవాటైన వేళ్లు లావు ఊలుతో కాసేపు తడబడ్డాయి. సాయంత్రానికి మూడు టోపీలు అల్లేసింది.

‘‘ఒక్కోదానికి ఎంతిస్తార్రా?’’ అంది.

‘‘డబ్బులుండవమ్మా, ఊరికే ఇవ్వడమే.’’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘నేను అల్లింది నా ఇష్టప్రకారం ఒకరికి ఇవ్వడం ఇదే మొదలురా’’ అంది.

2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషం. అల్లే చేతికి కూలీ పెరగాలి. నా దరఖాస్తు మాత్రం ఈ వేదిక మీద దిద్దుకుంటున్నాను. తల్లి వృత్తి: లేసు అల్లిక.