దాచిపెట్టిన జబ్బు
(ఫిల్మ్‌నగర్ బస్తీలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోదరీ సోదరులారా! మద్యం హరామ్ అని ఈ సభలో ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు. ఆ సంగతి తెలిసి కూడా తాగుతున్న మన పిల్లవాడు, ఆ మాట మనతో చెప్పుకోలేని స్థితిలో ఉన్నాడు. నేను మాట్లాడదలచింది ఆ స్థితిని గురించి.

ఈ కొండమీద బతుకుతెరువు ఎలాంటిదో మీకు తెలుసు. జూబ్లీహిల్స్ 36వ నంబరు రోడ్డులో పబ్బుల బయట కార్లు నిలిపేవారు, లోపల గ్లాసులు అందించేవారు, షూటింగుల్లో లైట్లు మోసేవారు మన బస్తీల కుర్రవాళ్లే. వారు అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరుతారు. అప్పటికి తల్లి నిద్రపోతుంది. ఆమె లేచేసరికి కొడుకు నిద్రలో ఉంటాడు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదని చట్టం చెబుతోంది. కాని సీసా కొనేది ఒకరు, పంచుకునేది నలుగురు. ఆ నలుగురి వయసు ఎవరడుగుతారు?

సంగతి ఇంట్లో తెలిశాక మనమేం చేస్తున్నాం? దాచిపెడుతున్నాం. చెల్లెలి సంబంధం చెడుతుందని, మస్జిద్‌లో తలెత్తుకోలేమని. 'మనవాళ్లలో తాగేవారు లేరు' అన్న మాట మనకు గౌరవంగా తోస్తుంది. పిల్లవాణ్ణి వైద్యుడికి దూరం చేస్తున్నది ఆ మాటేనని నా అభిప్రాయం.

రంజాన్ నెలలో ఈ దాపరికం మరీ ప్రమాదకరం. ఏళ్ల తరబడి రోజూ అధికంగా తాగినవాడు నెలవంక చూసి ఒక్కసారిగా మానేస్తాడు. అతని సంకల్పం గొప్పదే. అయితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనిపించవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఇంట్లోవారు గాలి సోకిందని తావీజు కట్టిస్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు బారులు తీరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎర్రగడ్డ మనకు ఎంత దూరం? మాన్పించేటప్పుడు వైద్యుడి సలహాతో మాన్పించాలి.

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు విననివారుండరు. 1992లో అక్కడి స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని తమ ఇళ్లలో సారా చేస్తున్న పనిని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆ తర్వాతే రోశమ్మ వంటివారు దుకాణం మూయించగలిగారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. నిషేధం మంచిచెడ్డల చర్చ మరో రోజు చేసుకుందాం. ఇవాళ మనకు కావలసింది ఆ తరగతి గదిలోని మొదటి మాట.

దూరదేశపు అనుభవం ఒకటి చెబుతాను. ఐస్‌లాండ్‌లో 1998లో 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలలో మత్తెక్కేలా తాగామని చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. అక్కడి తల్లిదండ్రులు కలిసి ఒప్పందాలు రాసుకున్నారు, రాత్రివేళ వీధుల్లో తిరిగి పిల్లలను ఇళ్లకు పంపారు. ప్రభుత్వం ఆటలకు, సంగీతానికి డబ్బిచ్చింది. ఇక మన సంగతి. రాత్రి తొమ్మిది దాటాక మన బస్తీ కుర్రవాడికి తలుపు తెరిచి ఉండే చోటు, మద్యం దుకాణం పక్కనున్న పాన్‌డబ్బా కాక, ఇంకేదైనా ఉందా? బడి ఆవరణలో దీపాలు వేయించి ఆడుకోనివ్వమని కార్పొరేటర్‌ను అడగడం మన హక్కు. ఇంతవరకు మనం అడగలేదు, అది మన లోపం.

ఇమాం సాహెబ్‌కు నాదొక మనవి. జుమా ప్రసంగంలో మందలించండి, తప్పకుండా మందలించండి. ఆ వెంటనే 'సాయం కావలసినవాడు నా దగ్గరికి రావచ్చు, ఎవరికీ చెప్పను' అన్న వాక్యం ఒకటి చేర్చండి. వ్యసన విముక్తికి 14446 నంబరు ఉంది, పిలుపు ఉచితం. దాన్ని మస్జిద్ నోటీసు బోర్డు మీద ఉర్దూలోను, తెలుగులోను రాయించండి.

ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లడానికి తల్లులు జంకుతారు. వెంట వచ్చేవారి జాబితా ఒకటి ఈ సభ ముగిసేలోగా తయారు కావాలి. బయట బల్ల మీద పుస్తకం ఉంచాం. నా పేరు మొదట రాశాను; రెండో వరస ఖాళీగా ఉంది.