బొమ్మలో దొరికిన గడ్డ
(సంఘ మహిళా ఆరోగ్య సభలో చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. నూనెలు, పప్పుదినుసులు తూచి అమ్ముకొను వర్తకులము. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. అయినను నేడు ఈ విషయమును గూర్చి మాటలాడక తప్పినది కాదు.

స్త్రీల వైద్య శిబిరమునకై సంఘనిధి నుండి రొమ్ము క్యాన్సరును కనుగొను మైక్రోవేవ్ యంత్రమొకటి కొనవలెనని ప్రతిపాదన వచ్చిన సంగతి మీకు తెలియును. దానిని చూపవచ్చినవారు రొమ్ము ఆకారము గల బొమ్మను బల్లపై నుంచి, అందు దాచిన గడ్డను నిమిషములలో తెరపై చూపిరి. అందరును చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి. ఇల్లు చేరిన పిదప అనుమానము కలిగినది: ఆ బొమ్మను దేనితో చేసిరి? కాటాను పరీక్షించు పడికట్టు రాయియే తప్పుడుదైనచో కాటా మంచిదని ఎట్లు నమ్ముట?

తెలిసినవారిని అడిగి కొంత గ్రహించితిమి. ఈ తరంగములకు ఎక్స్‌రే వలె శరీరకణములను చెరచు శక్తి లేదు. క్రొవ్వులో నీరు తక్కువ, గడ్డలో ఎక్కువ. ఆ భేదమును బట్టి తరంగములు చెదరి మరలి వచ్చును. యంత్రమును మొదటనే మనుష్యులపై పరీక్షింపరాదు. లోపల గడ్డ ఎచ్చట, ఎంత ఉన్నదో ముందుగా తెలిసిన వస్తువు కావలెను. అదియే ఈ బొమ్మ. శాస్త్రజ్ఞులు దీనిని ఫాంటమ్ అందురు.

దాని తయారీ వినగా మాకు మన వంటయిల్లే జ్ఞప్తికి వచ్చినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు 2005లో ప్రకటించిన పద్ధతిలో జెలటిన్, నీరు, కుసుమనూనె, కిరోసిన్ ముఖ్యమైనవి. నూనె, నీరు కలియుటకు సబ్బువంటి ద్రవము, ముద్ద గట్టిపడుటకు ఫార్మాల్డిహైడు చేర్చుదురు. నూనె పాలు హెచ్చించిన క్రొవ్వువంటిది, తగ్గించిన గ్రంథివంటిది, గడ్డవంటిది ఏర్పడును. మా అంగడిలోని కుసుమనూనెకు ఇట్టి వినియోగము కలదని మేమెన్నడు ననుకొనలేదు! అయితే జెలటిన్ ఎండిపోవును, బూజు పట్టును. అందుకే కెనడాలోని కాల్గరీవారు రబ్బరులో గ్రాఫైటు, బొగ్గుమసి కలిపి చేసిరి.

అసలు మెలిక ఇక్కడ ఉన్నది. విస్కాన్సిన్, కాల్గరీ పరిశోధకులు శస్త్రచికిత్సలలో తీసిన నిజమైన కణజాలమును కొలిచి 2007లో ఫలితములు ప్రకటించిరి. క్రొవ్వుకును క్యాన్సరు గడ్డకును విద్యుత్ ధర్మములలో పది రెట్ల వరకు భేదము కనబడినది. కాని పాలగ్రంథుల కణజాలమునకును గడ్డకును ఆ భేదము నూటికి పది మించలేదు. అనగా క్రొవ్వు మాత్రమే గల బొమ్మలో గడ్డను కనుగొనుట తెల్లని బియ్యములో మినపగింజ నేరుట. గ్రంథులు దట్టముగా ఉన్నచోట కనుగొనుట బియ్యములో తెల్లరాయి నేరుట. పడుచు స్త్రీలలో తరచుగా ఉండునది ఈ రెండవ స్థితియే. ఎక్స్‌రే మామోగ్రఫీకి సైతము కష్టమైన చోటదియే.

మేము మరల ఆ పెద్దమనుష్యుల నడిగితిమి. బొమ్మ లోపల అంతయు ఒకే పదార్థమనియు, గ్రంథుల భాగము లేదనియు ఒప్పుకొనిరి. వారు మోసగించిరని మేమనము. మనము అడుగలేదు, వారు చెప్పలేదు.

ఈ విద్యను మేము తక్కువ చేయుట లేదు. డార్ట్‌మత్, బ్రిస్టల్ మొదలగు చోట్ల స్త్రీలపైనను పరీక్షలు జరిగినవి. కాని గడ్డ యుండగా లేదని యంత్రము చెప్పినచో నష్టపోవునది మన ఆడపడుచు. మా వదినెగారు సిగ్గుచేత గడ్డను ఏడాది దాచిరి. యంత్రము కూడ “ఏమియు లేదు” అనియుండిన, ఆమె ఇంకను ఎంతకాలము దాచియుండెదరో!

కావున గ్రంథుల భాగము గల బొమ్మపైనను, పిదప ఆసుపత్రిలో రోగులపైనను జరిగిన పరీక్షల ఫలితములను వారు చూపువరకు ఈ కొనుగోలును నిలుపవలసినదని కోరుచున్నాము. అంతవరకు ఆ నిధిలో కొంత తీసి, మన స్త్రీలను పెద్దాసుపత్రికి తీసికొనిపోవు బండికి వెచ్చింపవలెనని మా సూచన. గడ్డ తగిలినవారు ఏ యంత్రము కొరకును ఆగక, తమ పేరును నేడే మహిళా విభాగమువారికి తెలుపుదురు గాక.