కట్ట ఒకరిది, ప్రాణాలు మనవి

(మడికొండలో యువతతో మాట్లాడిన మాటలు)



మీలో చాలామంది ఏటూరునాగారం, తాడ్వాయి, గోవిందరావుపేట దిక్కు నుంచి చదువుకోవడానికి వచ్చి కాజీపేట, హన్మకొండలో రూములు తీసుకొని ఉంటున్నారు. వాన గట్టిగ పడితే ఇంటికి ఫోన్ చేసి ముందు అడిగేది ఒక్కటే కదా: "వాగు ఎట్లున్నది?" ఇయ్యాల్టి నుంచి ఇంకో మాట కూడా అడగాలె: "పైనున్న కట్ట ఎట్లున్నది?"

2023 జూలై 26 పొద్దున్నుంచి 27 పొద్దుటి దాకా, ఒక్క రోజులనే, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన పడ్డది. ఆ వానల్లోనే వరంగల్ నడిబొడ్డున భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడ్డది. పేరున్న చెరువు కాబట్టి అందరి కళ్లు అటు తిరిగినయి. మరి పేరు లేని కట్టలను ఎవరు చూస్తున్నరు? చేపల కోసమో, తోట కోసమో, ఫాంహౌస్ అందం కోసమో ఎవరో ఒకరు తన పట్టా భూమిల వాగుకు అడ్డంగా మట్టి పోయించి, జేసీబీతో తొక్కించి కట్టిన కట్టలు. నేను మాట్లాడేది వాటి గురించే.

"గింత కుంటతోని ఏమైతది" అనుకోకండి. లెక్క చేద్దాం. 10 ఎకరాల కుంటలో సగటున 2 మీటర్ల లోతు నీళ్లుంటే 80 వేల టన్నుల నీళ్లు. 10 టన్నుల టిప్పర్లయితే 8 వేల టిప్పర్లు. కట్ట తెగితే అవన్నీ ఒక్కసారే, అర్ధరాత్రి అయినా సరే, కింద ఉన్న గూడెం మీదికే వస్తయి.

చట్టం ఏమంటుంది? డ్యాముల భద్రతా చట్టం 2021లో వచ్చింది. 15 మీటర్ల కంటే ఎత్తున్న డ్యాములకు అది వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కొన్ని షరతులకు సరిపోయినవాటికే. 10 మీటర్ల లోపు కట్ట, కింద ఎన్ని ఇళ్లున్నా, దాని లెక్కలోకి రాదు. అంటే మన గూడేల మీదున్న కట్టల్లో చాలావరకు ఆ చట్టానికి కనపడవు.

తెగినాక ఏమంటారో కూడా వినండి. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో 2019 జూలై 2 రాత్రి తివరే మట్టి డ్యాం తెగి ఊరోళ్లు కొట్టుకుపోయారు. అది ప్రభుత్వానిదే. ఎండ్రికాయలు బొక్కలు చేయడం వల్ల తెగిందని అక్కడి మంత్రి అన్నడు! కెన్యాలోని సొలాయ్‌లో 2018 మే నెలలో ఒక ప్రైవేటు ఫారం మట్టి డ్యాం తెగి 40 మందికి పైగా చనిపోయారు. పోయినోళ్లు ఎవరు? కింద బతికే పేదలే.

ఇప్పుడు మన తెలుగు నేల మీది కేసు ఒకటి చెప్తా. చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ లైను కొట్టుకుపోయింది. కంపెనీ కోర్టుకు పోయింది. కేసు లండన్‌ల ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1874లో తీర్పు వచ్చింది. అంతకు ఆరేండ్ల ముందు, 1868లో, ఇంగ్లండ్‌ల ఒక మిల్లు యజమాని చెరువు నీళ్లు పక్కోడి గనిలోకి పోతే, సొంత అవసరానికి నీళ్లు నిలబెట్టుకున్నోడే నష్టం భరించాలని అక్కడి కోర్టు తేల్చింది. కార్వేటినగరం కేసులో ఆ సూత్రం పెట్టలేదు. ఆ చెరువులు తరతరాల నుంచి రైతుల సాగు కోసం ఉన్నవి, వాటిని కాపాడటం జమీందారు బాధ్యత, నిర్లక్ష్యం రుజువు కాకపోతే ఆయన కట్టనక్కర్లేదు అన్నది ప్రివీ కౌన్సిల్.

ఇందులో మనకు రెండు పాఠాలున్నయి. ఒకటి: లాభం కోసం చేపల చెరువు పెట్టుకున్నోడు ఆ జమీందారు సాకు చెప్పుకోవడం అంత సులువు కాదు. రెండు: "వాన వల్ల తెగింది, నాకేం తెలుసు" అన్న మాటకు మందు, వానకు ముందే మనం రాసిచ్చిన కాగితం. దాని మీద తేదీ ఉంటది, ముట్టినట్టు సంతకం ఉంటది. తెలిసి కూడా పట్టించుకోలేదంటే అదే నిర్లక్ష్యం.

కాబట్టి మిరుగం రాకముందే ఊరికి పోయి కట్ట మీద నడవండి. కింది అంచు పట్టుకొని కూడా నడవండి. ఊట నీళ్లు తేటగ వస్తున్నయా, బురదగ వస్తున్నయా చూడండి. బురద నీళ్లొస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, బుంగ పడుతున్నదన్నట్టు. పగుళ్లు, కుంగిన చోట్లు, ఎలుక బొక్కలు, ఎండిన చెట్ల మొదళ్లు రాసుకోండి. ఎండిన వేర్లు మురిగితే నీళ్లకు దారైతది. అన్నిటికన్నా ముందు మత్తడి చూడండి. చేపలు పోకుండా జాలీ కట్టిండ్రా? ఇసుక బస్తాలు పెట్టి ఎత్తు పెంచిండ్రా? మత్తడి మూసుకుంటే నీళ్లు కట్ట మీదికెళ్లి దుంకుతయి. మట్టి కట్ట దానికి నిలవదు.

ఫొటోలు తీసి, గ్రామసభలో మాట్లాడి, యజమానికి ఒక కాపీ, తహసీల్దారుకు ఒకటి, నీటిపారుదల శాఖకు ఒకటి, కలెక్టరుకు ఒకటి ఇవ్వండి. విపత్తు నిర్వహణ చట్టం 2005 కింద జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షత వహిస్తరు. జిల్లాలో నిర్మాణాలను పరిశీలించి చర్య తీసుకోమని చెప్పే అధికారం ఆ సంస్థకు ఉన్నది. "మా చట్టంల లేదు" అంటే ఈ చట్టం చూపించండి.

ఒక హెచ్చరిక. గట్టి వానల బుంగ కనపడితే హీరోలు కావద్దు. ముందు కింద ఉన్నోళ్లను, ముసలోళ్లను, పిల్లలను మిట్టకు చేర్చండి. కట్ట సంగతి ఆ తర్వాత.

పట్టా కాగితంల కట్ట ఒకరి పేరు మీదనే ఉండొచ్చు. ఆ నీళ్ల కింద నిద్రపోయేది మాత్రం మన అవ్వలు, తాతలు. వాళ్ల తరఫున అడిగే హక్కు మనకున్నది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో కట్ట చూసి, ఒక్కో కాగితం ఇచ్చి రండి.

జోహార్!