మన కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

(యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మేనేజ్‌మెంటును గాని, సర్కారును గాని తిట్టడానికి లేవలేదు. మన ఆఫీసులో, మన చేతుల మీదుగా జరిగిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవడానికి లేచాను.

మూతపడ్డ మిల్లుల జాగాలో కార్మికులకు ఇళ్లు అన్నది ముంబాయి కార్మికులు పోరాడి తెచ్చుకున్న హక్కు. 2012లో మ్హాడా 6,925 ఇళ్లకు లాటరీ తీసింది. 2020 మార్చిలో మరో 3,894 ఇళ్లకు తీసింది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు మాత్రం లక్షకు పైగా ఉన్నారు. పేరు వచ్చినా ఇల్లు ఊరికే చేతికి రాదు. 2020 లాటరీలో ఒక్కో ఇంటికి తొమ్మిదిన్నర లక్షలు కట్టవలసి వచ్చింది. అంటే నిన్నటి మిల్లు కార్మికుడు ఇప్పుడు ఇల్లు కొనేవాడయ్యాడు. దలాలీకీ, అప్పు ఇప్పించేవాడికీ, మోసగాడికీ అతని ఫోన్ నంబరు కావాలి.

2023లో మ్హాడా పత్రాల పరిశీలన మొదలుపెట్టినప్పుడు మన ఆఫీసులో కూడా ఫారాలు నింపాం. హాజరీ కార్డు, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నంబరు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, అన్నింటి నకళ్లూ తీసుకున్నాం. ఎవరి కాగితాలు అందాయో అందరికీ తెలియాలని జాబితా రాసి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పేరు, మిల్లు, ఖాతా, టికెట్ నంబరు, వారసుల పేరు, ఫోన్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి. పెట్టమన్నది నేనే.

పదిహేను రోజులు తిరగకముందే సాంచా ఖాతాలో పనిచేసి పోయిన ఒక అన్న భార్యకు ఫోన్ వచ్చింది. ఆమె ఇప్పుడు కరీంనగర్ వైపు ఊళ్లో ఉంటున్నది. "అమ్మా, మీ ఆయన టికెట్ నంబరు ఇదే కదా, ఈ మిల్లే కదా. మీ ఫైలు ఆగింది. పదిహేను వేలు పంపితే కదులుతుంది" అన్నాడట. ఆమె కమ్మలు కుదువబెట్టి పంపింది. తర్వాత వాడి ఫోన్ లేదు, మనిషి లేడు.

నేను వెళ్లి అడిగితే ఆమె ఒక్క మాట అన్నది: "తమ్మీ, ఆ టికెట్ నంబరు నాకు, మీ ఆఫీసుకు తప్ప ఎవరికి ఎరుక? మీరే పంపిన మనిషనుకున్న."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పోలీసులకు ఫిర్యాదు ఇప్పించాం. కమిటీ సభ్యులం తలా కొంత వేసుకుని కమ్మలు విడిపించాం. కానీ ఆమెకు యూనియన్ మీద ఉన్న నమ్మకాన్ని ఏ చందాతో విడిపించగలం?

చట్టం లేదా అని అడగవచ్చు. ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. సమాచారాన్ని భద్రంగా ఉంచని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని ఆ చట్టంలో రాశారు. అయితే ఆ జరిమానా ఖజానాకు పోతుంది, మోసపోయిన మనిషికి రాదు. కాబట్టి ముందే జాగ్రత్తపడాలి.

కొందరు మిత్రులు, "జాబితా దాస్తే దొంగ వారసులు చేరతారు, అందరూ చూడాలి" అంటున్నారు. అది నిజమే. పేరు, మిల్లు గోడ మీద పెడదాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆఫీసుకు వచ్చి చెప్పవచ్చు. టికెట్ నంబరు, ఫోన్, ఆధార్, బ్యాంకు ఖాతా మాత్రం బీరువా దాటకూడదు. బీరువా తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉండాలి, ఎవరు తీసినా పుస్తకంలో సంతకం పెట్టాలి. పని అయిపోయిన నకళ్లను ఎవరివి వారికి తిరిగి ఇచ్చేయాలి. ఇది కమిటీ తరఫున నేను పెడుతున్న తీర్మానం.

మీరు చేయవలసినవీ ఉన్నాయి. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనబడేది చెల్లుతుందేమో అడిగి, చెల్లితే అదే ఇవ్వండి. ప్రతి నకలు మీద ఎందుకు ఇస్తున్నారో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. జిరాక్సు దుకాణంలో చెడిపోయిన కాపీని వదిలి రాకండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, యూనియన్ పేరు చెప్పినా సరే, నా పేరు చెప్పినా సరే. మోసం జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మిల్లు నడిచిన రోజుల్లో మన టికెట్ ఇంకొకడి చేతికి ఇచ్చేవాళ్లమా? ఇస్తే మన హాజరీ, మన పగారు వాడికి పోతాయని తెలుసు. ఇప్పుడు మన కాగితాలే మన టికెట్. వాటిని యూనియన్ చేతికి ఇచ్చారు గనుక కాపాడే పూచీ యూనియన్‌దే. ఈసారి తప్పితే నన్ను ఈ కుర్చీలో ఉంచవద్దు.

తీర్మానం మీద మాట్లాడదలచినవారు లేవండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!